విద్యుత్తు కారు, ఇంటి చార్జింగు: కొనుటకు ముందు రైతు వేసికొనవలసిన లెక్క

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల రైతులకు విద్యుచ్ఛక్తి క్రొత్త వస్తువు కాదు. సింగరేణి బొగ్గును మండించి రామగుండమునందలి కేంద్రము 1983వ సంవత్సరము మొదలు విద్యుత్తును పుట్టించుచున్నది. మంచిర్యాల జిల్లా జైపూరువద్ద సింగరేణి సంస్థ తన స్వంత విద్యుత్కేంద్రమును 2016లో నడుపనారంభించెను. మన బావుల మోటార్లు, పిండి గిర్నీలు, ప్రత్తి జిన్నింగు మిల్లులు విద్యుత్తుతోనే తిరుగుచున్నవి. ఇపుడు బండ్లును ఆ వరుసలో చేరినవి. 2024 సెప్టెంబరులో కరీంనగరునుండి హైదరాబాదునకు ఆర్.టి.సి. విద్యుత్తు బస్సులు బయలుదేరినవి. గ్రామములందును కొందరు రైతులు విద్యుత్తు కారు కొనుటనుగూర్చి యోచించుచున్నారు.

పెట్రోలునకు వెచ్చించు సొమ్ములో చాల భాగము మిగులునని కారు అమ్మువారు చెప్పుదురు. ఆ మాట అబద్ధము కాదు, కాని పూర్తి నిజమును కాదు. కారు ధర అంగడిలో తెలియును. దానిని నడుపు ఖర్చు మన ఇంటి మీటరువద్దనే తెలియును. కావున అంగడికి పోవుటకు ముందే ఇంటి మీటరును, ఇంటి వైరింగును పరీక్షించుకొనుట బుద్ధిమంతుని పని. ఆ పరీక్ష యెట్లు చేయవలెనో ఈ పాఠమున వివరింతుము.

1. మన తిరుగుడు ఎంత?

విద్యుత్తు కారులో పెట్రోలు టాంకీకి మారు బ్యాటరీ యుండును. దాని పరిమాణమును యూనిట్లలో చెప్పుదురు. మన ఇంటి బిల్లులో కనబడు యూనిట్టే ఇదియును. 2022 సెప్టెంబరులో వెలువడిన టాటా టియాగో కారు 19.2 యూనిట్ల బ్యాటరీతోను, 24 యూనిట్ల బ్యాటరీతోను వచ్చెను. 2023లో వెలువడిన ఎం.జి. కామెట్ అను చిన్న కారు బ్యాటరీ 17.3 యూనిట్లు.

కంపెనీవారు ప్రకటించు దూరము పరీక్షాశాలలో కొలిచినది. మన రోడ్లమీద, వేసవిలో చల్లదనపు యంత్రము నడుచుచుండగా, నలుగురు కూర్చుండగా అంత దూరము రాదు. లెక్కకొరకు ఇంటి మీటరులో నమోదగు ఒక్కొక్క యూనిట్టునకు 6 కిలోమీటర్లు వచ్చునని తీసికొనుట క్షేమము. బ్యాటరీ నిండులోపల కొంత విద్యుత్తు వేడియై పోవును. అదియు ఈ లెక్కలో చేరియున్నది.

కరీంనగరునుండి జగిత్యాలకు సుమారు 50 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు చిన్న బ్యాటరీ చాలును. కరీంనగరునుండి హైదరాబాదునకు సుమారు 160 కిలోమీటర్లు. చిన్న కారుతో పోవచ్చును గాని అచ్చట చార్జి చేయక తిరిగి రాజాలము. ఆదిలాబాదునుండి హైదరాబాదునకు సుమారు 300 కిలోమీటర్లు. చిన్న బ్యాటరీవారు మార్గమధ్యమున ఆగి తీరవలెను. ఘాటురోడ్డు ఎక్కునపుడు విద్యుత్తు ఎక్కువగా ఖర్చగును. దిగునపుడు మోటారే బ్రేకువలె పనిచేసి అందులో కొంత భాగమును బ్యాటరీకి తిరిగి ఇచ్చును. కావున మండలకేంద్రము, మార్కెటు, ఆసుపత్రి, పిల్లల కళాశాల మొదలగువాటికి నిత్యము తిరుగువారికి ఈ కారు తగును. నెలకొకసారి దూరప్రయాణము చేసి, తక్కిన దినములు కారును చెట్టుక్రింద నిలుపువారికి దీనివలన లాభము స్వల్పము.

2. ఇంటి బిల్లు మెట్లెక్కు విధము

ఇది ఈ పాఠములో ముఖ్యభాగము. మన రాష్ట్రమున గృహ విద్యుత్తు రేటు అందరికి ఒకటి కాదు. నెలకు వాడిన మొత్తమునుబట్టి తరగతి మారును. తరగతి మారినపుడు మొదటి యూనిట్టునుండియే రేటు మారును. 2022-23లో నియంత్రణ మండలి నిర్ణయించిన పట్టిక ప్రకారము ఆ తరగతు లివి:

నెలకు 100 యూనిట్లకు మించనివారు: మొదటి 50 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 95 పైసలు, తరువాతి 50 యూనిట్లకు 3 రూపాయల 10 పైసలు.

100 దాటి 200 వరకు వాడువారు: మొదటి 100 యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, తరువాతి 100 యూనిట్లకు 4 రూపాయల 80 పైసలు.

200 దాటినవారు: మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, 201 నుండి 300 వరకు 7 రూపాయల 70 పైసలు, 301 నుండి 400 వరకు 9 రూపాయలు, ఆ పైన ఇంకను హెచ్చు.

ఈ రేట్లలో స్థిర రుసుము, సుంకము చేరలేదు. పట్టిక మారినచో అంకెలు మారును గాని లెక్క వేయు పద్ధతి మారదు.

ఒక రైతు ఇంట నెలకు 150 యూనిట్లు ఖర్చగుచున్నవనుకొందము. అతని బిల్లు 100 యూనిట్లకు 340 రూపాయలు, తక్కిన 50కి 240 రూపాయలు, వెరసి 580 రూపాయలు. ఇపుడతడు కారు కొని నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగెను. యూనిట్టునకు 6 కిలోమీటర్ల చొప్పున కారునకు 167 యూనిట్లు కావలెను. మొత్తము 317 యూనిట్లు. బిల్లు ఇట్లగును:

మొదటి 200 యూనిట్లకు 1,020 రూపాయలు
తరువాతి 100 యూనిట్లకు 770 రూపాయలు
మిగిలిన 17 యూనిట్లకు 153 రూపాయలు
వెరసి 1,943 రూపాయలు

అనగా కారువలన పెరిగినది 1,363 రూపాయలు. కారుకు వాడిన ఒక్కొక్క యూనిట్టు 8 రూపాయలకు పైగా పడినది. తన పాత బిల్లులోని రేటునుబట్టి 4 రూపాయల 80 పైసలే పడునని తలచినవానికి ఇది ఆశ్చర్యము కలిగించును.

ఇంతకంటె జాగ్రత్తగా చూడవలసినవారు గృహజ్యోతి పథకము క్రింద సున్న బిల్లు పొందువారు. 2024 మార్చినుండి అమలునకు వచ్చిన ఆ పథకము ప్రకారము అర్హులైన తెల్లకార్డు కుటుంబములు నెలకు 200 యూనిట్లవరకు బిల్లు చెల్లింప నక్కరలేదు. కాని 200 దాటిన నెలలో మొత్తము బిల్లు చెల్లింపవలెను. 200 యూనిట్లు వాడిన యింటికి సున్న; 201 యూనిట్లు వాడిన యింటికి పై పట్టిక ప్రకారము 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్టు తేడా! అట్టి కుటుంబము పైన చెప్పినట్లు 317 యూనిట్లు వాడినచో 1,943 రూపాయలును కారు ఖర్చులోనే వ్రాసికొనవలెను. కారు విద్యుత్తు యూనిట్టు 11 రూపాయలకు మించి పడినట్లగును.

3. పెట్రోలుతో పోల్చిన లెక్క

పెట్రోలు లీటరు 108 రూపాయలనియు, చిన్న పెట్రోలు కారు లీటరుకు 18 కిలోమీటర్లు నడుచుననియు తీసికొందము. 1,000 కిలోమీటర్లకు పెట్రోలు ఖర్చు 6,000 రూపాయలు. ఇందులో విద్యుత్తు ఖర్చు తీసివేయగా బిల్లు చెల్లించు యింటికి నెలకు 4,637 రూపాయలు, సున్న బిల్లు యింటికి 4,057 రూపాయలు మిగులును. మెట్లెక్కినను విద్యుత్తే చౌక యని దీనివలన తెలియుచున్నది.

అయితే విద్యుత్తు కారు ధర అంతటి పెట్రోలు కారు ధరకంటె హెచ్చు. ఆ హెచ్చు 3 లక్షల రూపాయలనుకొన్నచో, వడ్డీ లెక్కింపకయే, అది తీరుటకు మొదటి యింటికి సుమారు 5 సంవత్సరముల 5 నెలలు, రెండవ యింటికి 6 సంవత్సరముల 2 నెలలు పట్టును. నెలకు 300 కిలోమీటర్లే తిరుగువాని లెక్క వేరు. అతనికి పెట్రోలు ఖర్చే 1,800 రూపాయలు. కారునకు 50 యూనిట్లు. ఇంటి 150తో కలిసి సరిగా 200. బిల్లు 240 రూపాయలు పెరిగి నెలకు 1,560 రూపాయలు మిగులును. 3 లక్షలు తీరుటకు 16 సంవత్సరములు కావలెను. తిరుగని బండి పెట్టుబడిని తిరిగి ఇయ్యదు.

పన్నులలోని తేడానుగూడ చూడవలెను. విద్యుత్తు కార్లపై జి.ఎస్.టి. 2019 ఆగస్టు 1 నుండి నూటికి 5. చిన్న పెట్రోలు కార్లపై 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 18. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో వెలువరించిన ఉత్తరువు ద్వారా విద్యుత్తు బండ్లకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మాఫీ చేసెను. కొనువారు తాము కొను దినమున ఏ ఉత్తరువు అమలునందున్నదో రవాణా కార్యాలయమున స్వయముగా తెలిసికొనవలెను. దుకాణమువాని నోటిమాట చాలదు.

మరియొక మాట. పంట ఋణము పంటకే. వానాకాలపు పెట్టుబడికని తెచ్చిన సొమ్మును కారు మొదటి వాయిదాకు కట్టినవాడు యాసంగినాటికి ఎరువునకు చేబదులు వెదకికొనవలసివచ్చును. కారు కొనువాడు దానికని వేరుగా కూడబెట్టిన సొమ్ముతో గాని, దానికని తీసికొన్న ఋణముతో గాని కొనవలెను.

4. బావి కనెక్షనుతో చార్జి చేయరాదు

మన రాష్ట్రమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఇయ్యబడెను. బావివద్ద విద్యుత్తు ఉచితమైయుండగా కారును అచ్చటనే నింపుకొన్న నేమి యని కొందరికి తోచవచ్చును. ఇది ప్రమాదకరమైన ఆలోచన. ఆ కనెక్షను నీరు తోడుటకు ఇచ్చినది. ఇచ్చిన పనికిగాక వేరుపనికి వాడుట 2003 విద్యుత్ చట్టము 126వ విభాగము క్రింద అనధికార వినియోగమగును. అట్టి వాడకమునకు వర్తించు రేటునకు రెట్టింపు వసూలు చేయుదురు. ఎన్ని దినములనుండి వాడుచున్నారో తేలనియెడల తనిఖీకి ముందు పండ్రెండు మాసములకు లెక్కకట్టుటకు చట్టము వీలిచ్చుచున్నది. తీగకు కొక్కెము తగిలించుట దొంగతనమే. దానికి 135వ విభాగము క్రింద జైలు శిక్షయు కలదు. పంటను కాపాడు కనెక్షనును కారుకొరకు చిక్కులలో పెట్టుకొనరాదు.

ఇంటి కనెక్షను విషయమున అట్టి అడ్డు లేదు. ఇంటివద్దనున్న కనెక్షనుతోనే తమ బండిని చార్జి చేసికొనవచ్చునని కేంద్ర ప్రభుత్వము 2022 జనవరి మార్గదర్శకములలో స్పష్టముగా చెప్పినది.

5. ఇంటి వైరింగు

కారుతో వచ్చు చేతి చార్జరును 15 ఆంపియర్ల సాకెట్టునకు తగిలింతురు. అది సుమారు 3 కిలోవాట్ల భారము లాగును. 24 యూనిట్ల బ్యాటరీ నిండుటకు ఎనిమిది తొమ్మిది గంటలు పట్టును. గోడకు బిగించు 7 కిలోవాట్ల యంత్రమైనచో నాలుగు గంటలలోపల నింపగలదు. రాత్రియంతయు బండి ఇంటనే యుండు రైతునకు మొదటిదియే చాలును. రెండవదానికి పెట్టు సొమ్ము సాధారణముగా వృథా.

గ్రామములందలి పెక్కు ఇండ్లకు మంజూరైన భారము 1 కిలోవాట్టు మాత్రమే. కావున మొదట భారము పెంపునకు దరఖాస్తు చేయవలెను. ఒంటి ఫేజు చాలునా, మూడు ఫేజులు కావలెనా యని అపుడే విచారింపవలెను. దరఖాస్తు ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ సెక్షను కార్యాలయమున ఇయ్యవలెను. సిరిసిల్ల ప్రాంతమువారు అచ్చటి సహకార విద్యుత్ సంఘమున ఇయ్యవలెను. తరువాత ఈ క్రింది పనులు తెలిసిన ఎలక్ట్రీషియనుచే చేయింపవలెను.

ఒకటి: మీటరువద్దనుండి కారు సాకెట్టునకు వేరుగా తీగ లాగవలెను. ఫ్యాను, దీపము తీగలతో కలుపరాదు. చేతి చార్జరునకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, 7 కిలోవాట్ల యంత్రమునకు 6 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగితీగ వాడవలెను. దూరము హెచ్చైనచో ఇంకను లావైనది కావలెను.

రెండు: ఆ తీగకు వేరుగా ఎం.సి.బి., దానితోడ 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. అమర్పవలెను. మొదటిది తీగ కాలకుండ కాపాడును. రెండవది మనిషికి షాకు తగిలిన క్షణములోనే విద్యుత్తును ఆపి ప్రాణము కాపాడును.

మూడు: ఎర్తు. మన ఇండ్లలో అన్నిటికంటె అలక్ష్యము చేయబడునది ఇదియే. ఎర్తు సరిగా లేనిచో పెక్కు చార్జర్లు పనిచేయ నిరాకరించును; కారు చెడిపోయినదని యజమాని భ్రమపడును. రెండున్నర మీటర్ల గాల్వనైజు గొట్టమును నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు నింపి, తడి యారకుండ చూడవలెను. నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చి గొట్టమును విడుచును. రాతి చెలకలలో తడి నిలువదు. రెండుచోట్లను ఎండకాలమున గుంటలో నీరు పోయుచుండవలెను. ఎర్తును కంటితో చూచి బాగున్నదనరాదు, పరికరముతో కొలిపింపవలెను.

నాలుగు: జంక్షను పెట్టెలు, అతుకు తీగలు, వదులు సాకెట్లు వాడరాదు. ఎనిమిది గంటలు ఎడతెగక భారము లాగునపుడు వదులుగానున్న చోటు కరగి మండును. మొదటి దినములలో గంటకొకసారి ప్లగ్గుపై చేయి పెట్టి చూడవలెను. కాలునంత వేడియున్నచో ఆపవలెను.

అయిదు: గడ్డివాము, ప్రత్తి నిలువ, ఎరువు బస్తాలు, డీజిలు డబ్బా ఉన్న కొట్టములో చార్జి చేయరాదు. రేకుల నీడ, గట్టినేల, గాలి యుండు స్థలము తగినది. ఉరుములు మెరుపులు గల సమయమున ప్లగ్గు తీసివేయవలెను.

6. వేళ, వేడి

రాత్రి పదిగంటల తరువాత చార్జి చేయుట మేలు. సాయంకాలమున వీధియంతయు దీపములు, ఫ్యాన్లు, టెలివిజన్లు నడుచుచుండగా లైను చివరనున్న యింటికి వోల్టేజి తగ్గును. 25 కె.వి.ఏ. ట్రాన్సుఫార్మరుపై అయిదు కార్లు ఒకేసారి చార్జికి పెట్టినచో సుమారు 16 కిలోవాట్లు వాటికే చెల్లును. అది ఆ యంత్రపు శక్తిలో మూడింట రెండు పాళ్లు. ఒక వీధిలో కార్లు పెరిగినచో ఇండ్లవారు వంతులు పెట్టుకొనవలెను. పెద్ద ట్రాన్సుఫార్మరునకు కలిసి దరఖాస్తు చేయవలెను.

బ్యాటరీకి శత్రువు వేడి. రామగుండము, జగిత్యాల ప్రాంతములలో వేసవి ఎండ మిక్కుటము. ఎండలో తిరిగివచ్చిన కారును వెంటనే చార్జికి పెట్టక నీడలో కొంతసేపు చల్లారనియ్యవలెను. నిత్యవాడుకలో నూటికి 20 మొదలు 80 వరకు ఉంచుట మేలు. నిండుగా ఎప్పుడు నింపవలెనో కంపెనీ పుస్తకమునుబట్టి తెలిసికొనవలెను. కోతల కాలమున వారములతరబడి బండిని నిలుపవలసినచో సగము నింపి నిలుపవలెను. పెక్కు కంపెనీలు బ్యాటరీకి 8 సంవత్సరముల పూచీ ఇచ్చుచున్నవి. ఆ పూచీ పత్రములోని షరతులను సంతకమునకు ముందు చదివించుకొనవలెను.

7. మెట్టు దిగు మార్గములు

బిల్లు మెట్లెక్కకుండ చూచుకొనుటకు రెండు మార్గములు కలవు. మొదటిది ఇంటికప్పుపై సౌరఫలకలు. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్ల ఫలకలకు 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడెను. కిలోవాట్టునకు దినమునకు నాలుగు యూనిట్ల చొప్పున 3 కిలోవాట్లు నెలకు సుమారు 350 యూనిట్లు ఇయ్యగలవు, వర్షాకాలమున తగ్గును. పగలు ఫలకలు ఇచ్చిన యూనిట్లు నెట్ మీటరుగుండ లైనునకు పోవును; రాత్రి కారు లైనునుండి తీసికొనును; మిగిలిన తేడాకే బిల్లు వచ్చును. పైన చెప్పిన 317 యూనిట్ల యిల్లు ఇట్లు పై మెట్లనుండి దిగివచ్చును.

రెండవది సహకారము. కరీంనగరు ప్రాంతమునకు ఇది తెలియని దారి కాదు. 1970లో సిరిసిల్లలో విద్యుత్ సరఫరా సహకార సంఘము స్థాపింపబడెను. దేశమున ప్రయోగముగా ఆరంభించిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో అది యొకటి. గ్రామస్థులే సభ్యులై, తమ ప్రతినిధులను ఎన్నుకొని, విద్యుత్తును టోకున కొని ఇంటింటికి పంచుకొనుచున్నారు. ఒక ప్రాంతము మొత్తమునకు విద్యుత్తు పంచగలిగిన సహకారమునకు ఒక చార్జింగు స్థలము నడుపుట పెద్ద పని కాదు.

బండ్లను చార్జి చేయుట సేవయే గాని విద్యుత్తు విక్రయము కాదనియు, దానికి లైసెన్సు అక్కరలేదనియు కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018 ఏప్రిల్‌లో తెలిపెను. రేట్ల పట్టికలో చార్జింగు స్థలములకు వేరు తరగతి కలదు. గృహములకున్నట్లు అందులో మెట్లు లేవు. కావున సంఘపు గోదామువద్ద అట్టి కనెక్షను తీసికొని, మంచి ఎర్తు, మంచి మీటరు అమర్చి, సభ్యుల కార్లను, ద్విచక్ర వాహనములను వంతులవారీగ చార్జి చేసినచో సున్న బిల్లు కుటుంబములు తమ 200 యూనిట్ల హద్దును కాపాడుకొనగలవు. ఇంట వైరింగునకు స్తోమత లేనివారికిని అది ఆధారమగును. ఎన్ని బండ్లున్నవో లెక్కింపక మాత్రము సంఘము సొమ్ము పెట్టరాదు. కనెక్షను ఖర్చు, రేటు, జీతము కలిపి యూనిట్టునకు ఎంత వసూలు చేసిన నష్టము రాదో మొదట వ్రాసి మహాజన సభ యెదుట పెట్టవలెను.

సభ్యులు తమలో చర్చింపవలసిన ప్రశ్నలు

మీ ఇంటి గత పండ్రెండు నెలల బిల్లులలో హెచ్చు వాడకము ఏ నెలలో, ఎన్ని యూనిట్లు? ఆ నెలలో కారు చేరినచో మీరు ఏ మెట్టున నుందురు?

మీరు నెలకు నిజముగా ఎన్ని కిలోమీటర్లు తిరుగుచున్నారు? ఊహింపక, ఒక నెల వ్రాసి చూచితిరా?

మీ ఇంటికి మంజూరైన భారమెంత? ఎర్తును తుదిసారి ఎప్పుడు కొలిపించితిరి?

మీ వీధి ట్రాన్సుఫార్మరు ఎన్ని కె.వి.ఏ.? దానిపై ఎన్ని ఇండ్లున్నవి?

ఈ నాలుగింటికి కాగితముపై జవాబు వ్రాసికొన్న రైతు అంగడికి పోయినపుడు అమ్మువాని లెక్కను తన లెక్కతో సరిచూడగలడు. రెండును కలిసినచో నిశ్చింతగా కొనవచ్చును. కలియనియెడల ఒక పంటకాలము ఆగుటలో నష్టము లేదు.